గడ్డి టోపీల పాలైన నాలుగు నిమిషాలు

కప్సున్ అక్క గురించి రాయమని మా అమ్మాయి ఏడాదిగా ప్రాణం తీస్తోంది. నాకు రాయడం చేతకాదు. ముప్పై నాలుగేళ్లు సినిమావాళ్ల పేట చుంగ్మురోలో, ల్యాబుల్లో ఫిల్ములు కడిగిన మనిషిని, మందునీళ్లలో నాని నా గోళ్లు ఇప్పటికీ గోధుమరంగులోనే ఉంటాయి. పైగా ఆ రోజుల గురించి ఏం రాయబోయినా కోపమే ముందు వస్తుంది. అయినా కూర్చున్నాను. పోయిన చలికాలం అక్క పోయింది. పేపరు వాళ్లు నాలుగు లైన్ల వార్త వేసి, అందులో ఆమె పేరే తప్పు వేశారు.

ఆమె పేరు యొమ్ కప్సున్. నెగటివ్ కోసే పని ఆమెది. అలాంటి పని ఒకటుందని సినిమా చూసేవాళ్లకు తెలియదు. ఎడిటరు ముందు మామూలు కాపీ మీద కోసుకుంటాడు, అతికించుకుంటాడు, పాడైతే ఇంకో కాపీ వేయించుకుంటాడు. అంతా అయ్యాక ఆ ప్రకారం అసలు నెగటివును కోసి అతికేది ఇంకొకరు. నెగటివుకు రెండో కాపీ ఉండదు. అందుకని ఆ పని చెయ్యి వణకని ఆడవాళ్లకు అప్పజెప్పేవాళ్లు. తెర మీద మాత్రం వాళ్ల పేర్లు వేసేవాళ్లు కాదు, వేస్తే తెర అరిగిపోతుందన్నట్టు.

అక్క తెల్ల నూలు చేతితొడుగులు వేసుకుని, మెడలో దారానికి కత్తెర వేలాడదీసుకుని, దీపం పెట్టిన గాజుబల్ల ముందు కూర్చునేది. ఫిల్ములో ఏ వైపు మందు పూత ఉందో తెలియాలంటే అంచును పెదవికి తాకించేది. పెదవికి అంటుకుంటే అది పూత వైపు. యుద్ధానికి వెళ్లిన మొగుడు తిరిగి రాలేదు. బతికున్నాడో లేడో కాగితం కూడా రాలేదు. పదహారేళ్లు ఆ గదిలోనే గడిపింది. సినిమాహాలుకు మాత్రం వెళ్లేది కాదు. ఎందుకక్కా అంటే, తెర మీద చూస్తే వాళ్లెవరో పరాయివాళ్లలా ఉంటార్రా, నాకు తెలిసినవాళ్లలా ఉండరు అనేది. ఆమెకు తెలిసిన హీరోయిన్లందరివీ నల్లటి ముఖాలూ తెల్లటి జుట్టూ.

పంతొమ్మిది వందల అరవై ఆరు వసంతంలో తాక్ సెహ్యాంగ్ అనే డైరెక్టరు ఒక సినిమా తీశాడు. పల్చటి మనిషి, ముప్పై అయిదేళ్లుంటాయి. ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు, ఎవరి మాటా వినడు. కాంగ్వాన్ కొండల్లో బొగ్గు గనుల ఊరి కథ అది. గని కూలి మొగుడు పోతే, పెళ్లానికి పరిహారం బదులు బొగ్గు ఏరే పని ఇస్తారు. కదిలే రబ్బరు పట్టా మీద బొగ్గు వస్తుంటే రాళ్లు ఏరి పారెయ్యాలి. సినిమా చివర్లో ఆవిడ పనిలో చేరిన మొదటి రోజు. మొగుడు పోయిన గనిలోంచే ఆ బొగ్గు వస్తోంది. ఏరుతూ ఏరుతూ చెయ్యి ఆపేసి, తలెత్తి, తిన్నగా కెమెరాలోకి చూస్తుంది. నాలుగు నిమిషాలు. మాట లేదు, పాట లేదు. సినిమా అంతే.

సెన్సారు ఆఫీసులో కూర్చున్నవాళ్లలో సగంమంది నిన్నమొన్నటిదాకా సైన్యంలో ఉన్నవాళ్లు. వాళ్లు బట్టలు విప్పిన సీన్లు పట్టుకుంటారనీ, ముద్దులు కొలుస్తారనీ మాకు తెలుసు. ఈ సినిమాలో అవేమీ లేవు కదా అని ధీమాగా ఉన్నాం. తాక్‌ను పిలిచి రెండు గంటలు కూర్చోబెట్టారట. గని చూపించావు సరే, చావు చూపించావు సరే, ఆ ఆడమనిషి ఎవరిని అడుగుతోంది, ఏమని అడుగుతోంది అన్నారట. ఏమీ అడగడం లేదు, చూస్తోంది అన్నాడట ఇతను. అదే తీసెయ్యాలన్నారు. సమాజాన్ని మరీ చీకటిగా చూపిస్తున్నదని కాగితం మీద రాశారు. ఎన్ని అడుగులు కొయ్యాలో లెక్క రాశారు. కాపీలోదే కాదు, నెగటివులోది కూడా కోసి, ఆ ముక్కను సీలు వేసిన డబ్బాలో పెట్టి తమకు అప్పజెప్పాలన్నారు.

అక్కడే ఉంది అసలు చావు. కాపీలో కోస్తే నెగటివు ఉంటుంది, ఏ పదేళ్లకో రోజులు మారితే మళ్లీ వేసుకోవచ్చు. నెగటివే పోతే ఆ సీను భూమ్మీద ఉండదు.

తాక్ ఆ కాగితం పట్టుకుని అక్క గదికి వచ్చాడు. నేను అప్పుడే ఆరిన రీళ్లు తెచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాను. అతను కుర్చీలో కూర్చోలేదు, నేల మీద కూలబడ్డాడు.

“అక్కా, కొయ్యక తప్పదు. నువ్వే కొయ్యి. కానీ చంపకు.”

అక్క కాగితం రెండుసార్లు చదివింది. చేతితొడుగులు తీసి మడిచి పక్కన పెట్టింది.

“నా చేతికొచ్చింది ఇంతవరకు నేను పోగొట్టలేదు డైరెక్టరుగారూ. లేచి ఇంటికెళ్లండి. ఏమన్నా తిని పడుకోండి.”

ఆమె ఏం చేసిందో నాకు తర్వాత తెలిసింది. అదే సీను రెండోసారి తీసిన ముక్క ఒకటుంది, నటి మధ్యలో కళ్లు నలిపేసుకుందని డైరెక్టరు పక్కన పడేసినది. దాన్ని సరిగ్గా ఆ పొడవుకు కోసి, డబ్బాలో పెట్టి, సీలు వేయించి పంపింది. ఆఫీసు గుమస్తా పొడవు కొలుచుకుని సంతకం పెట్టాడు, విప్పి దీపానికి పెట్టి చూసే ఓపిక వాడికి లేదు. అసలు ముక్కను గుండ్రంగా చుట్టి, పాత గుడ్డలో కట్టి, గది మూలనున్న తుక్కు సంచి అడుగున పెట్టింది. తనిఖీకి వచ్చినవాళ్లు డబ్బాలు తీస్తారు, బీరువాలు తీస్తారు. కోసి పారేసిన ముక్కల గోనెసంచిలో చెయ్యి పెట్టినవాణ్ణి మేమెవరమూ చూడలేదు. తెలివైన చోటు. కానీ ఎవరికీ చెప్పలేదు. నాకూ చెప్పలేదు. తంతే ఎవరైనా చెప్పేస్తారు, తెలియకపోతే చెప్పడానికేముంది అనుకుంది. ఆ మాట నిజమే. అయినా నాకు చెప్పి ఉండాల్సిందని ఇన్నేళ్లూ మనసులో ఆమెతో పోట్లాడుతూనే ఉన్నాను.

ఆరు రోజులకు తాక్‌ను ఇంటి నుంచి తీసుకుపోయారు. సినిమా గురించి మాత్రమే కాదు, ఆ గనుల ఊళ్లో ఎవరెవరితో మాట్లాడావు, సరిహద్దుకు ఉత్తరాన ఉన్న కమ్యూనిస్టులతో పొత్తు ఏమిటి అని అడగడానికి. మర్నాడు పొద్దున్నే ఇద్దరు మనుషులు ల్యాబుకు వచ్చి అక్కను రమ్మన్నారు. మొక్ అని మా యజమాని, మామూలుగా నోరు పెద్దది ఆయనకు, ఆ రోజు తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అక్క చేతితొడుగులు బల్ల మీద పెట్టి, రబ్బరు చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం గదిలోకి వెళ్లి చుట్టూ చూశాను. ఆ తుక్కు సంచిలో తాక్ సినిమా ముక్కలు ఏవో ఉండే ఉంటాయి, వాళ్లు వచ్చి వెతికితే అక్క పని అయిపోయినట్టే అనిపించింది. సరిగ్గా అప్పుడే కింద గూ తాత బండి గంట వినిపించింది.

మే నెలలో మా ల్యాబులన్నీ తిరిగే మనిషి గూ తాత. వాంగ్‌సిమ్నిలో గడ్డి టోపీల కార్ఖానా ఆయనది. టోపీ చుట్టూ రిబ్బను కట్టాలంటే ఖర్చు, అందుకని పాత ఫిల్ము చుట్టి జిగురుతో అంటించేవాళ్లు. నల్లగా నిగనిగలాడేది, వానకు తడిసినా చెడేది కాదు. ఆ రోజుల్లో పొలం పని చేసే వాళ్లందరి నెత్తి మీదా ఏదో ఒక సినిమా ఉండేది. నేను ఆ సంచి భుజాన వేసుకుని నాలుగు అంతస్తులు దిగి, నా చేతులతో బండిలోకి ఎత్తాను. ఇదీ నేను చేసిన పని.

సాయంత్రం వాళ్లు వచ్చి గదంతా తిరగేశారు. నేల పలకలు ఊడదీశారు, ఆరబెట్టే బీరువాలో తల దూర్చి చూశారు. ఒక్క ముక్క దొరకలేదు. వాళ్లు మెట్లు దిగుతుంటే నాలో నేను మురిసిపోయాను, కప్సున్ అక్కను కాపాడింది నేనే అని.

మూడో రోజు అక్క వచ్చింది. పాదాలు వాచి రబ్బరు చెప్పులు పట్టడం లేదు, చేతిలో పట్టుకుని మెట్లెక్కింది. నేను సోయామొలకల పులుసు వేడిచేసి తెచ్చాను. ఆమె గిన్నె వైపు చూడలేదు, గది మూల వైపు చూసింది.

“ఇక్కడి సంచి ఏదిరా?”

“తీసేశానక్కా. నిన్ను తీసుకెళ్లిన రోజే గూ తాతకి ఇచ్చేశా. వాళ్లొచ్చి అంతా వెతికారు, ఒక్క ముక్క దొరకలేదు,” అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా ముఖంలో నవ్వు కూడా ఉంది.

అక్క గోడ పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది.

“జొంగ్డూ. తాక్ గారి సీను అందులోనే ఉందిరా.”

తిట్టలేదు. చెంప మీద కొట్టినా బాగుండేది. వాచిన పాదాలకు పాత గుడ్డ చుట్టుకుని, పద వాంగ్‌సిమ్నికి అంది. పులుసు అలాగే ఉండిపోయింది.

కార్ఖానాలో పదిమంది ఆడవాళ్లు కొయ్య తలల చుట్టూ ఫిల్ము కొలిచి, కోసి, అంటిస్తున్నారు. మా సంచి వచ్చిన రోజు సాయంత్రమే అయిపోయిందట. ఏ ముక్క ఏ టోపీకి వేశారో తనకేం తెలుసమ్మా, అన్నీ నల్లగానే ఉంటాయి కదా అన్నాడు గూ తాత. మంచివాడే, పాపం. టోపీలు కట్టలు కట్టి యోజు, ఇచాన్, ఆన్‌సాంగ్ సంతలకు పంపేశామన్నాడు. మిగిలిన కట్టలు విప్పి చూపించాడు. అక్క ఒక్కొక్క టోపీ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అంచు పైకి లేపి చూసింది. సాయంత్రమయ్యేసరికి నాలుగు దొరికాయి.

ఒక టోపీకి పట్టేది మూరన్నర ముక్క. తెర మీద అది సెకను కంటే కాస్త ఎక్కువ. నాలుగు నిమిషాల సీను నూట ఎనభై టోపీలకు సరిపోతుంది. ఆ లెక్క చెప్పింది నేనే, చెప్పి నాలుక కరుచుకున్నాను. అక్క నూట డెబ్బై ఆరు ఇంకా ఉన్నాయన్నమాట అంది, ఏదో బజారులో మర్చిపోయిన కూరగాయల గురించి అన్నట్టు.

ఆ జూన్‌లో పని ఎగ్గొట్టి ఆమెతో ఊళ్లు తిరిగాను. యజమాని మొక్ ఇద్దరినీ తీసేస్తానని కబురు పెట్టాడు, తీసేశాడు కూడా. ఐదు రోజులకోసారి సంత ఒక్కో ఊళ్లో. సంత లేని రోజుల్లో పొలాల గట్ల వెంట. నాట్ల కాలం, ఊళ్లో జనమంతా వంగి బురదలో ఉండేవారు, మేం గట్టు మీద నిలబడి అయ్యా ఒకసారి మీ టోపీ ఇస్తారా అని బతిమాలేవాళ్లం. కొందరు నవ్వేవారు. ఒకావిడ, నా మొగుడి టోపీ అడుగుతున్నావు, తర్వాత మొగుణ్ణే అడుగుతావేమో అంది అక్కతో. వద్దమ్మా, ఉన్నవాడే ఎక్కడున్నాడో తెలియదు అంది అక్క. ఆవిడ నవ్వు ఆపేసి టోపీ తీసి ఇచ్చింది, అది కాదు మేం వెతికేది.

ఎన్ని సినిమాలు చూశామో ఆ నెలలో. ఒక ముసలాయన నెత్తి మీద కత్తియుద్ధం, ఇంకొకడి నెత్తి మీద సెన్సారు వాళ్లు కోయించిన ముద్దు. అక్క ఎండకు పెట్టి చూడగానే చెప్పేసేది. మాది మాత్రం దూరం నుంచే పోల్చేది. ఆ నటి ముఖమంతా బొగ్గు మసి, అందుకని నెగటివులో తెల్లగా ఉంటుంది. కళ్లలో తెల్లగుడ్డు నల్లగా పడుతుంది. తెల్లటి ముఖంలో రెండు నల్లటి మచ్చలు, ముక్క పొడవునా, ముప్పైసార్లు. దొరికినప్పుడల్లా ఆమె చిన్న బ్లేడుతో జిగురు గీకి, గుడ్డలో చుట్టి రవికలో పెట్టుకునేది. టోపీకి ఫిల్ము బదులు రిబ్బను కట్టి ఇచ్చేది. పన్నెండు, పదమూడు. వానలు మొదలయ్యాయి. టోపీలు నానిపోయి, పూత జారిపోయి, పట్టుకుంటే వేలికి నల్లగా అంటుకున్నవి రెండు దొరికాయి. వాటిని కూడా వదల్లేదు.

ఆన్‌సాంగ్‌లో పదిహేడోది దొరికింది. అక్కడే మా కథ ముగిసింది కూడా. చూసేవాళ్ల కళ్లకు ఊరికి కొత్తవాళ్లు, పొలాల్లో తిరుగుతున్నారు, జనాన్ని పిలిచి టోపీలు ఎండకు పెట్టి ఏదో చదువుతున్నారు. ఇంకేం కావాలి. అనుమానం వస్తే తెలపండి అని ప్రతి గోడ మీదా రాసి ఉన్న రోజులు. ఎవడో వెళ్లి గూఢచారులు దిగారని చెప్పాడు. ఠాణాలో ఒక రాత్రీ పగలూ నిలబెట్టారు. అక్క రవికలోంచి తీసిన ముక్కలు బల్ల మీద పరిచి, ఈ సంకేతాలు ఎవరికి అన్నాడు సార్జెంటు. సినిమా ముక్కలు సార్, నేను కోసేదాన్ని, పోగొట్టుకున్నాను, ఏరుకుంటున్నాను అని నలభైసార్లు చెప్పి ఉంటుంది. చివరికి వాడే దీపానికి పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత వాటిని అక్క వైపు తోసి, ఈ జిల్లాలో మళ్లీ కనిపిస్తే పైకి పంపిస్తానన్నాడు. పైకి అంటే ఎక్కడికో ఆమె పాదాలకు తెలుసు. నేనే చెయ్యి పట్టుకుని బస్సెక్కించాను. ఆమె వద్దనలేదు. ఆమె వద్దనకపోవడం చూసి నాకు ఏడుపొచ్చింది.

తాక్‌ను ఏడు నెలల తర్వాత వదిలారు. సినిమా అప్పటికే ఆ చివరి సీను లేకుండా ఒక వారం ఆడి పోయింది. అతను అక్క ఇంటికి వచ్చిన రోజు నేనూ ఉన్నాను. బార్లీ టీ గ్లాసు రెండు చేతులతోనూ పట్టుకోలేక నేల మీద పెట్టేశాడు. ఎక్కడుందక్కా అన్నాడు. అక్క పదిహేడు ముక్కలనూ వరసగా అతికి చిన్న రీలు చేసి ఉంచింది. కిటికీ వెలుతురుకు పట్టుకుని చూశాడు. అటు నుంచి ఇటు మొత్తం ఇరవై సెకన్లు.

“మిగతాది?”

“పోయింది.”

“ఎవరు పోగొట్టారక్కా?”

నేను నోరు తెరిచాను. ఒట్టేసి చెబుతున్నాను, తెరిచాను. అక్క నా వైపు చూడకుండానే, “నేనే,” అంది. “తుక్కులో పెట్టాను. తుక్కుతో పాటు పోయింది.”

అతను తల ఊపి, రీలు ఆమె ఒళ్లో పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ సినిమా తియ్యలేదు. జొంజులో అన్నగారి విత్తనాల కొట్లో కూర్చునేవాడని విన్నాం, నలభై ఎనిమిదేళ్లకు పోయాడు. అతను పోయేదాకా అక్కే పోగొట్టిందనుకున్నాడు. నేను ఆ కొట్టు దాకా ఒకసారి వెళ్లాను కూడా. ముల్లంగి విత్తనాలు కొనుక్కుని వచ్చేశాను.

ముప్పై ఏళ్లు గడిచాయి. సినిమాలను ముందుగా సెన్సారు చెయ్యడం చెల్లదని కోర్టు తీర్పిచ్చిన మరుసటి ఏడాది, పాత సినిమాలు భద్రపరిచే సంస్థ వాళ్లు తాక్ సినిమా వేశారు. నన్నూ అక్కనూ పిలిచారు. ఆమెకు అప్పుడు అరవై తొమ్మిది. హాలు నిండా చదువుకునే పిల్లలు. పట్టా మీద బొగ్గు కదులుతుంటే హఠాత్తుగా తెర తెల్లబడిపోయింది. ఒకమ్మాయి లేచి, ఆ ముగింపు ఎంత సాహసమో, ఏమీ చూపించకుండా వదిలెయ్యడం ఎంత గొప్పగా ఉందో అని మాట్లాడింది. నాకు ఒళ్లు మండింది. సాహసం కాదమ్మా, అది కత్తెర అని అరవబోయాను. ఈలోపు సభ నడిపేవాడే ఆ సంగతి చెప్పి, ఆ సీనును చేత్తో పట్టుకున్న మనిషి ఇక్కడున్నారు, అందులో ఏముందో ఆమే చెప్పాలి అని అక్కకు మైకు ఇచ్చాడు. అక్క దగ్గర ఇరవై సెకన్ల ముక్క ఉన్నా అది బిగుసుకుపోయి మిషనులో పట్టలేదు. ఇక మిగిలింది ఆమె నోరే.

అక్క నిలబడింది. పట్టా శబ్దం నుంచి మొదలుపెట్టింది. ఆవిడ చెయ్యి ఆగింది, బొటనవేలికి గుడ్డ కట్టి ఉంది, తల ఎత్తింది అంటూ చెప్పింది. పిల్లలు కాగితాల మీద రాసుకుంటున్నారు. ఎడమ కనురెప్ప ముందు కదిలింది, తర్వాత పెదవి అంది. ఒక్కొక్క ముక్కా నేను గుర్తుపడుతూనే ఉన్నాను. యోజు సంత, వానలో దొరికినవి రెండు, ఆన్‌సాంగ్. పదిహేడూ చెప్పి ఆగిపోయింది.

హాలంతా ఎదురుచూసింది. కన్నీళ్లు ఆపుకుంటోందనుకుని ముందు వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు.

“కాదు, ఉండండి,” అంది అక్క. “తర్వాత ఇంకా చాలా ఉందమ్మా. నాలుగు నిమిషాలు ఉంది. చేతిలోంచి పోయినా తలలో ఉందనుకున్నాను. ఇన్నేళ్లూ ఉందనే అనుకున్నాను.”

మైకు కిందికి దించి నా వైపు తిరిగింది.

“జొంగ్డూ, నువ్వు కడిగావు కదరా ఆ రీలు. తర్వాత ఏం చేసిందిరా ఆవిడ?”

చీకటి గదిలో కడిగాను. మూటతో సహా ఎత్తి బండిలో వేశాను. టోపీల మీద ఏరుకున్న ఆ పదిహేడు ముక్కలు తప్ప, ఆ సీను నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఆ మాటే చెప్పాను అక్కకు, అంతమంది ముందు.